వైర్‌లెస్ టెక్నీషియన్ కావాలంటే: సోల్డరింగ్ బల్ల నుంచి టవర్ దాకా

వైర్‌లెస్ అనే పేరులో వైరు లేదు కానీ, ఆ పని చేసేవాళ్ల రోజు చాలావరకు వైర్లతోనే గడుస్తుంది. కేబుళ్లు, కనెక్టర్లు, పవర్ సప్లైలు, ఎర్తింగు. రేడియో పనిచేయడం లేదని పిలుపు వచ్చి వెళ్తే, రేడియో నిజంగా చెడిపోయి కనిపించడం నా అనుభవంలో తక్కువ. దానికి కరెంటు ఇచ్చే తీగో, దాని నుంచి యాంటెన్నాకు వెళ్లే తీగో చెడిపోయి ఉంటుంది.

అసలు చిక్కు వేరే ఉంది. పైపు కారితే నీళ్లు కనిపిస్తాయి. మోటారు కాలితే వాసన వస్తుంది. సిగ్నల్ కారిపోతే మాత్రం ఏ ఆనవాలూ ఉండదు. అందుకే ఈ వృత్తి నేర్చుకోవడమంటే కనపడనిదానికి పద్దు రాయడం నేర్చుకోవడమే. ఎంత బయల్దేరింది, దారిలో ఎక్కడెంత ఖర్చయింది, చివరికి ఎంత చేరింది. లెక్క తేలని చోట లోపం ఉంటుంది. కింద చెప్పే మెట్లన్నీ ఆ పద్దు సొంతంగా రాయగలగడం కోసమే.

వారానికి పది పన్నెండు గంటలు చేతులతో పనిచేస్తే, ఏడాదిన్నరలో ఒక సీనియర్ పక్కన నిలబడి పనికొచ్చే స్థాయికి రావచ్చు. డిప్లొమా లాంటి కోర్సులో చేరితే ల్యాబ్, పరికరాలు దొరుకుతాయి. ఇంట్లో నేర్చుకునేవాళ్లకు సమయం దొరుకుతుంది. ఏ దారిలో వచ్చినా మెట్ల వరుస మాత్రం మార్చకండి.

మొదటి మెట్టు: డీసీ దగ్గర తొందరపడకండి

చాలామంది మొదటి వారంలోనే ఒక రేడియో మాడ్యూల్ తెచ్చి, దొరికిన ప్రోగ్రామ్ ఎక్కించి, సందేశం అవతలికి చేరగానే వైర్‌లెస్ వచ్చేసిందనుకుంటారు. అది పనిచేసినప్పుడు నేర్చుకునేది దాదాపు సున్నా. పనిచేయనప్పుడు ఏం చేయాలో తెలియాలంటే ఓమ్ నియమం దగ్గరికే తిరిగి రావాలి.

ఒక ఉదాహరణ. పాత 2జీ మాడ్యూల్ ఒకటి నెట్‌వర్క్ వెతికిన ప్రతిసారీ రీస్టార్ట్ అవుతోంది. మల్టీమీటర్ పెడితే 4 వోల్టులు నిక్షేపంగా చూపిస్తోంది. తప్పెక్కడ? జీఎస్‌ఎంలో, అంటే ఆ 2జీ పద్ధతిలో, ప్రసారం నిరంతరం సాగదు. 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు 217 సార్లు, సుమారు 0.58 మిల్లీసెకన్ల పాటు ఒక్కో విసురుగా వెళ్తుంది. ఆ విసురులో మాడ్యూల్ 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సప్లై తీగల్లో మొత్తం 0.3 ఓమ్‌ల నిరోధం ఉంటే, ఆ క్షణంలో 0.6 వోల్టులు అక్కడే పోతాయి. మాడ్యూల్‌కు అందేది 3.4. మల్టీమీటర్ సగటు మాత్రమే చూపిస్తుంది కాబట్టి ఈ గుంట దానికి కనపడదు. వోల్టేజి క్షణక్షణం ఎలా మారుతోందో గీత గీసి చూపే ఆసిలోస్కోప్ పెడితే కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పాత ఫోన్ మోగే ముందు పక్కనున్న స్పీకర్లో వచ్చే టకటక శబ్దం కూడా ఆ 217 హెర్ట్జ్ విసుర్లదే.

కాబట్టి మొదటి మూడు నెలలు వోల్టేజి, కరెంటు, నిరోధం, కెపాసిటర్, ఇండక్టర్, డయోడ్, ట్రాన్సిస్టర్, రెగ్యులేటర్. వీటిని చదవడం కంటే కొలవడం ముఖ్యం. రెండు రెసిస్టర్లతో వోల్టేజి డివైడర్ కట్టి, లెక్కలో వచ్చిన విలువనూ మీటర్ చెప్పినదాన్నీ పక్కపక్కన రాయండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో తేలేదాకా వదలకండి. మీటర్‌కు కూడా ఒక లోపలి నిరోధం ఉంటుందని, కొలిచే పరికరం కొలవబడేదాన్ని మారుస్తుందని అప్పుడే అర్థమవుతుంది. రేడియో స్థాయిలో ఇదే సంగతి చాలా పెద్ద రూపంలో ఎదురవుతుంది.

గణితం గురించి భయపడేవాళ్లకు ఒక మాట: లాగరిథం, పదుల ఘాతాలు, కొద్దిగా త్రికోణమితి వస్తే టెక్నీషియన్ పని నడిచిపోతుంది. కాలిక్యులస్ వస్తే మంచిదే, రాకపోతే టెన్షన్ వద్దు.

రెండో మెట్టు: సోల్డరింగ్

దీన్ని చూసి నేర్చుకోలేం. చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకోవాలి.

63 పాళ్ల తగరం, 37 పాళ్ల సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. సీసం లేని రకాలు సుమారు 217 దగ్గర. ఐరన్ మొనను 320 నుంచి 350 మధ్య పెట్టుకుంటే చాలా పనులకు సరిపోతుంది. కొత్తవాళ్లు చేసే తప్పు వేడి తక్కువైందని ఐరన్‌ను ఇంకా పెంచడం. నిజానికి తక్కువైంది వేడి కాదు, ఫ్లక్స్ (లోహం మీది చిలుమును తొలగించి సోల్డర్ అంటుకునేలా చేసే పదార్థం). లేదా మొన మరీ సన్నగా ఉండి, వేడి దాంట్లోంచి దిగడం లేదు. గ్రౌండ్ ప్లేన్‌కు, అంటే బోర్డులోని వెడల్పాటి రాగి పొరకు, అతుక్కున్న పిన్నును సూదిమొనతో కాల్చడం కన్నా ఉలి ఆకారపు మొనతో రెండు సెకన్లు తాకించడం మేలు.

0402 సైజు భాగాలు 1 మిల్లీమీటరు పొడవు, 0.5 మిల్లీమీటరు వెడల్పు ఉంటాయి. మైక్రోస్కోప్ కింద రోజుకు పది పెట్టి, పది తీయండి. ఆ తర్వాత హాట్ ఎయిర్‌తో అడుగున గ్రౌండ్ ప్యాడ్ ఉన్న చిప్పులు. రేడియో చిప్పుల్లో ఆ అడుగు ప్యాడే వేడికీ, గ్రౌండ్‌కూ ప్రధాన దారి. చుట్టూ పిన్నులన్నీ అందంగా అతికి, అడుగున అతకకపోతే బోర్డు పనిచేసినట్టే నటిస్తుంది, వేడెక్కగానే ఆగిపోతుంది.

స్టాటిక్ సంగతి కూడా ఇక్కడే అలవాటు చేసుకోండి. మన వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. కొన్ని రేడియో భాగాలు చచ్చిపోవడానికి వందకు లోపే చాలు. అంటే మీకు తెలియకుండానే చంపేస్తారు. రిస్ట్ స్ట్రాప్ తప్పనిసరి. అందులో ఒక మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది. పొరపాటున కరెంటు తీగ తగిలినా ఆ స్ట్రాప్ గుండా పెద్ద కరెంటు పారకుండా కాపాడేది అదే. కాబట్టి మామూలు తీగ ముక్కను చేతికి చుట్టుకుని సరిపెట్టుకోవద్దు.

మూడో మెట్టు: తీగ తీగలా ఉండని లోకం

ఇక్కడ బుర్ర కాస్త తిరుగుతుంది, అది మామూలే.

ఒక సెంటీమీటరు తీగకు సుమారు 10 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. ఒక మెగాహెర్ట్జ్ దగ్గర దాని అడ్డు 0.06 ఓమ్, అంటే లేనట్టే. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర అదే సెంటీమీటరు తీగ 150 ఓమ్‌లు అవుతుంది. కో-యాక్సియల్ కేబుల్ పైజల్లెడను మెలిపెట్టి, తోకలా చేసి బోర్డుకు అతికించేవాళ్లు ఎందుకు దెబ్బతింటారో ఈ ఒక్క లెక్క చెబుతుంది. మల్టీమీటర్ ఆ తోకను షార్ట్ అంటుంది. రేడియో దాన్ని గోడ అంటుంది.

తరంగదైర్ఘ్యం లెక్క ఇంకా తేలిక. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో వస్తుంది. 100 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎంకు 3 మీటర్లు, 433కి సుమారు 69 సెంటీమీటర్లు, 2,400కి 12.5. దాంట్లో నాలుగో వంతు చాలా యాంటెన్నాల పొడవు. ఎఫ్ఎం వినడానికి 75 సెంటీమీటర్ల తీగ, తీగ చివర ప్రభావం వల్ల ఆచరణలో ఓ ఐదు శాతం తక్కువ. ఈ లెక్క నోటికి రావాలి. ఏ పరికరం చూసినా దాని యాంటెన్నా పొడవును బట్టి అది ఏ బ్యాండ్‌దో అంచనా వేయడం సరదాగా ఉంటుంది, పనికి కూడా వస్తుంది.

ఇంకో విషయం. పౌనఃపున్యం పెరిగేకొద్దీ కరెంటు తీగ పైపొరకే పరిమితమవుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ పొర మందం మైక్రాన్‌న్నర కూడా ఉండదు. కనెక్టర్ మీద చిలుము పడితే పైపైనే కదా అని తుడిచేసి ఊరుకోలేకపోవడానికి కారణం ఇదే. సిగ్నల్ ఉండేది కూడా ఆ పైపైనే.

ఇక రేడియో కేబుళ్ల మీద, కనెక్టర్ల మీద కనిపించే 50 ఓమ్‌లు. సిగ్నల్‌కు ఆ కేబుల్ చూపే ఇంపీడెన్స్ అది. గాలి నిండిన కో-యాక్స్‌లో ఎక్కువ పవర్ మోయడానికి 30 ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటే మేలు, తక్కువ నష్టానికి 77 ఉంటే మేలు. 50 ఆ రెండింటి మధ్య రాజీ. టీవీ, వీడియో పనుల్లో నష్టం తగ్గడమే ముఖ్యం కాబట్టి 75 వాడతారు. 50 ఓమ్‌ల వ్యవస్థలో 75 ఓమ్‌ల కేబుల్ ముక్క పెడితే అంతా నాశనమైపోతుందని కొందరు బెదిరిస్తారు. ఒక 75 ఓమ్‌ల లోడ్ నుంచి తిరిగొచ్చే పవర్ 4% మాత్రమే. అసలు ప్రమాదం ఎన్-టైప్ కనెక్టర్లలో ఉంది. 75 ఓమ్‌ల రకంలో నడిమి పిన్ను సన్నం. 50 ఓమ్‌ల లావు పిన్నును అందులోకి దూరిస్తే అది పగిలిపోతుంది.

నాలుగో మెట్టు: డెసిబెల్ పద్దు

ఈ మెట్టు దగ్గర ఎంతకాలం కూర్చున్నా నష్టం లేదు. మిగిలినవన్నీ దీని మీదే నిలబడతాయి.

ఒక మిల్లీవాట్‌ను 0 డీబీఎం అంటారు. 10 డీబీ (డెసిబెల్) పెరిగితే పది రెట్లు, 3 డీబీ పెరిగితే రెట్టింపు. 20 డీబీఎం అంటే 100 మిల్లీవాట్లు, 30 డీబీఎం అంటే ఒక వాట్. గుణకారాలు కూడికలవుతాయి, భాగహారాలు తీసివేతలవుతాయి. అప్పుడు మొత్తం లింకును జమాఖర్చులా రాసుకోవచ్చు.

2.4 గిగాహెర్ట్జ్‌లో కిలోమీటరు దూరపు లింకు అనుకుందాం. రేడియో 20 డీబీఎం ఇస్తోంది, అది జమ. కేబుల్, కనెక్టర్లు కలిపి 2 ఖర్చు. యాంటెన్నా సిగ్నల్‌ను ఒకవైపుకు పోగుచేసి ఇచ్చే లాభం (గెయిన్) 5 జమ. మధ్య ఖాళీలో 100 ఖర్చు. అవతలి యాంటెన్నా 5 జమ, అవతలి కేబుల్ 2 ఖర్చు. మిగిలేది మైనస్ 74 డీబీఎం.

ఆ 100 ఎక్కడిది? ఖాళీ ప్రదేశపు నష్టానికి సూత్రం ఉంది: 32.44కు, కిలోమీటర్ల లాగరిథం 20 రెట్లు, మెగాహెర్ట్జ్ లాగరిథం 20 రెట్లు కలపాలి. కిలోమీటరుకు రెండో పదం సున్నా. 2,400కు మూడోది 67.6. కలిపితే 100. దూరం రెట్టింపు అయితే 6 డీబీ పోతాయి, పది రెట్లయితే 20.

మైనస్ 74 మంచిదా కాదా అన్నది నాయిస్‌ను బట్టి ఉంటుంది. మామూలు గది ఉష్ణోగ్రతలో ప్రకృతి పెట్టే నాయిస్ ఒక హెర్ట్జ్ వెడల్పుకు మైనస్ 174 డీబీఎం. 20 మెగాహెర్ట్జ్ వెడల్పుకు 73 కలపండి, మైనస్ 101. రిసీవర్ సొంత నాయిస్ ఓ 6 కలిపితే మైనస్ 95. అంటే మన సిగ్నల్ నాయిస్ కన్నా 21 డీబీ పైన ఉంది. హాయిగా నడిచే లింకే, కాకపోతే అత్యధిక వేగం ఇవ్వదు.

ఇప్పుడు మీరు సైటుకు వెళ్లి కొలిస్తే మైనస్ 74 బదులు మైనస్ 98 కనిపించింది. 24 డీబీ మాయం. ఎంత పోయిందో తెలిస్తే ఎవరు తీశారో సగం తెలిసినట్టే. 3 డీబీ పోతే దారిలో ఎవరో రెండు వైపులా పంచే స్ప్లిటర్ పెట్టి ఉండొచ్చు. 6 పోతే దూరం తప్పుగా అంచనా వేశారేమో. వాన పడ్డప్పుడల్లా పోయి, ఎండ కాయగానే తిరిగొస్తే, 2.4 గిగాహెర్ట్జ్‌లో వానను నిందించకండి. వాన చినుకులు గట్టిగా అడ్డుకునేది 10 గిగాహెర్ట్జ్ దాటాకే. ఇక్కడ నీళ్లు కనెక్టర్‌లోకి దిగుతూ ఉండాలి, లేదా దారిలో తడిసిన చెట్టు ఉండాలి. 20 డీబీ పైన పోతే ఒక యాంటెన్నా నిలువుగా, ఇంకొకటి అడ్డంగా బిగించారేమో చూడండి. లేదా నడిమి పిన్ను అసలు తగలడం లేదు.

ఆ చివరిది నేను అనుభవించి నేర్చుకున్నాను. కొత్తలో ఒక లింకు పది మీటర్ల లోపు బాగా నడిచేది, దాటితే పడిపోయేది. రెండు రోజులు రేడియో సెట్టింగులన్నీ మార్చాను, ఛానళ్లు మార్చాను, యాంటెన్నా దిశ మార్చాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. చివరికి చూస్తే రేడియోకు ఉన్నది మామూలు ఎస్ఎంఏ కనెక్టర్, యాంటెన్నాకు ఉన్నది పిన్ను తారుమారైన ఆర్‌పీ-ఎస్ఎంఏ. మరలు చక్కగా సరిపోతాయి, బిగుతుగా కూర్చుంటాయి, కానీ రెండు వైపులా గుంటలే, పిన్ను ఎటూ లేదు. ఆ సన్న సందులోంచి కారిన సిగ్నల్‌తోనే పది మీటర్లు నడిచింది. అప్పుడు నాకు పద్దు రాయడం వచ్చుంటే, ఇంత పెద్ద లోటును సెట్టింగుల్లో వెతికేవాణ్ని కాదు.

ఈ మెట్టుకు అభ్యాసం ఇది: ఇంట్లోని వైఫై రూటర్, ఫోన్‌లో డీబీఎం చూపించే యాప్. ఖాళీ మైదానంలో 5, 10, 20, 40 మీటర్ల దగ్గర కొలవండి. ప్రతి రెట్టింపుకూ 6 డీబీ తగ్గుతుందో లేదో చూడండి. తర్వాత అదే ఇంట్లో చేయండి. లెక్క చెల్లాచెదురవుతుంది. గోడల నుంచి తిరిగొచ్చిన తరంగాలు ఒకచోట కలుస్తాయి, ఒకచోట కొట్టుకుపోతాయి. ఫోన్‌ను ఆరేడు సెంటీమీటర్లు జరిపితేనే విలువ ఎగిరి దూకుతుంది. 12.5 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో సగం అంటే అంతే మరి.

ఐదో మెట్టు: పరికరాలతో స్నేహం

మల్టీమీటర్, ఆసిలోస్కోప్ ఇప్పటికే చేతిలో ఉన్నాయి. రేడియోకు ఇంకో మూడు కావాలి.

మొదటిది ఎస్‌డీఆర్, అంటే ఎక్కువ పని సాఫ్ట్‌వేర్ చేసే రేడియో. రియల్‌టెక్ ఆర్‌టీఎల్2832యూ చిప్ ఉన్న టీవీ డాంగిళ్లను సాఫ్ట్‌వేర్ రేడియోగా వాడుకోవచ్చని 2012 ప్రాంతంలో ఔత్సాహికులు కనిపెట్టారు. ఆర్820టీ ట్యూనర్ ఉన్నవి సుమారు 24 నుంచి 1,700 మెగాహెర్ట్జ్ పైదాకా వింటాయి, ఒకేసారి 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు చూపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై వీటికి అందదు, కొనేముందు గుర్తుంచుకోండి. ఇవి వినడమే తప్ప పంపలేవు కాబట్టి నేర్చుకునేవాళ్లకు నిశ్చింత. ఎఫ్ఎం స్టేషన్‌ను స్క్రీన్ మీద చూడండి. పాటకూ మౌనానికీ వెడల్పు ఎలా మారుతుందో గమనించండి. ఏఎంకూ ఎఫ్ఎంకూ తేడా ఏ పాఠం కన్నా త్వరగా ఎక్కుతుంది.

రెండోది స్పెక్ట్రమ్ ఎనలైజర్, ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత పవర్ ఉందో గీతగా చూపేది. దీని ముందు కూర్చునేటప్పుడు మొదట చదవాల్సింది ఇన్‌పుట్ పక్కన రాసి ఉన్న గరిష్ఠ పరిమితి. చాలావాటికి 30 డీబీఎం, అంటే ఒక వాట్. 5 వాట్ల ట్రాన్స్‌మిటర్ 37 డీబీఎం ఇస్తుంది. నేరుగా కలిపితే ముందు భాగం కాలిపోతుంది, ఆ రిపేరు బిల్లు చూసినవాళ్లు జన్మలో మర్చిపోరు. 30 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే ముక్క) మధ్యలో పెడితే 7 డీబీఎం అవుతుంది. ఆ అటెన్యుయేటర్ కూడా 5 వాట్లకు మించి తట్టుకునేదై ఉండాలి, లేకపోతే మొదట అది కాలుతుంది, తర్వాత ఎనలైజర్ కాలుతుంది. ఇక అభ్యాసం: రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్‌ను (ఒక్కసారి కొలిచే పౌనఃపున్యాల వెడల్పును) పదో వంతుకు తగ్గించండి, నాయిస్ గీత 10 డీబీ కిందికి దిగుతుంది. పైన రాసుకున్న నాయిస్ లెక్కే ఇప్పుడు తెర మీద కనిపిస్తుంది.

మూడోది వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్. ఇప్పుడు అరచేతిలో పట్టే నానోవీఎన్ఏలు ఉన్నాయి. యాంటెన్నా దగ్గర ఎంత పవర్ తిరిగొస్తోందో ఇది చెబుతుంది. దాన్ని వీఎస్‌డబ్ల్యూఆర్ అనే నిష్పత్తిగా చూపిస్తుంది, ఏమీ తిరిగిరాకపోతే అది 1. వీఎస్‌డబ్ల్యూఆర్ 1.5 అంటే 4%, 2 అంటే 11%, 3 అంటే 25% తిరిగొస్తోందని. వాడే ముందు ఓపెన్, షార్ట్, లోడ్ ముక్కలతో క్యాలిబ్రేట్ చేయాలి. అదీ యాంటెన్నా కలిపే కేబుల్ చివర చేయాలి, పరికరం దగ్గర కాదు. పరికరం దగ్గర చేసి, తర్వాత మీటరు కేబుల్ తగిలిస్తే, మీరు కొలిచేది యాంటెన్నాను కాదు, కేబుల్ ప్లస్ యాంటెన్నాను.

ఇందులో ఒక ఉచ్చు ఉంది, అనుభవజ్ఞులు కూడా పడతారు. కేబుల్ చెడిపోయి 10 డీబీ మింగేస్తోందనుకోండి. పైన యాంటెన్నా అసలు లేకపోయినా, వెళ్లిన సిగ్నల్ 10 పోగొట్టుకుని, తిరిగొస్తూ ఇంకో 10 పోగొట్టుకుంటుంది. కింద కూర్చున్న మీటర్‌కు తిరిగొచ్చింది నూరోవంతే. వీఎస్‌డబ్ల్యూఆర్ 1.2 అని అద్భుతంగా చూపిస్తుంది. రిపోర్టులో బాగుంది అని రాసేస్తాం, లింకు మాత్రం పైకి లేవదు. పాత కేబుల్ మీద మరీ మంచి వీఎస్‌డబ్ల్యూఆర్ కనిపిస్తే అనుమానించండి. పైన షార్ట్ పెట్టించి, కేబుల్ నష్టం విడిగా కొలవండి.

ఆరో మెట్టు: కేబుల్, కనెక్టర్, యాంటెన్నా

2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ-58 కేబుల్ మీటరుకు సుమారు ఒక డీబీ తింటుంది. పది మీటర్లకు పది డీబీ, అంటే పదిలో తొమ్మిది వంతులు కేబుల్‌ను వెచ్చబెట్టడానికే పోతాయి. లావైన ఎల్ఎంఆర్-400 అదే పది మీటర్లకు రెండు డీబీ పైచిలుకు తింటుంది. ఇంకా మేలైన దారి రేడియోనే యాంటెన్నా దగ్గరికి తీసుకెళ్లి, కిందికి నెట్‌వర్క్ కేబుల్ మాత్రం దించడం.

ఎస్ఎంఏ కనెక్టర్‌ను బిగించేటప్పుడు నట్టును తిప్పాలి, యాంటెన్నానో కేబుల్‌నో పట్టుకుని తిప్పకూడదు. అలా తిప్పితే నడిమి పిన్ను రాపిడికి అరిగిపోతుంది. బోర్డు మీద ఉండే బుల్లి యూ.ఎఫ్ఎల్ కనెక్టర్లకు ఆయుష్షు 30 సార్లు పెట్టి తీయడం మాత్రమే. ల్యాబ్‌లో ప్రతి పరీక్షకూ దాన్ని పీకితే నెల తిరక్కముందే అనుమానాస్పద లోపాలు మొదలవుతాయి.

ఆరుబయట కనెక్టర్‌కు ముందు సెల్ఫ్-అమాల్గమేటింగ్ టేపు సాగదీసి చుట్టాలి, పైన ఎండను తట్టుకునే టేపు. చుట్టు కింది నుంచి పైకి రావాలి, పెంకుల్లాగా, నీళ్లు జారిపోయేలా. కేబుల్ గోడలోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు ఇవ్వండి, చుక్క అక్కడే రాలిపోతుంది.

దూరపు లింకులకు నేరుగా అవతలి యాంటెన్నా కనిపిస్తే చాలదు. రెండింటి మధ్య కోలగా ఉబ్బిన ఫ్రెనెల్ ప్రాంతం ఉంటుంది. మధ్యలో దాని వ్యాసార్ధం మీటర్లలో కావాలంటే దూరం కిలోమీటర్లను గిగాహెర్ట్జ్‌తో భాగించి, వర్గమూలం తీసి, 8.66తో గుణించాలి. 5 కిలోమీటర్లు, 5.8 గిగాహెర్ట్జ్‌కు 8 మీటర్లు వస్తుంది. అందులో కనీసం 60%, అంటే ఐదు మీటర్ల దాకా చెట్టూ చేమా లేకుండా ఉండాలి. లింకు వేసినప్పుడు బాగుండి, రెండేళ్లకు నీరసించిందంటే మధ్యలో చెట్టు ఎదిగిందేమో వెళ్లి చూడండి.

ఏడో మెట్టు: రిసీవర్ లోపల వెతకడం, ప్రోటోకాళ్లు

రిసీవర్ బ్లాక్ డయాగ్రమ్ కాగితం చూడకుండా గీయగలగాలి: యాంటెన్నా, ఫిల్టర్, లో-నాయిస్ యాంప్లిఫయర్, మిక్సర్, లోకల్ ఆసిలేటర్, ఐఎఫ్ (మధ్యంతర పౌనఃపున్యం), డీమాడ్యులేటర్. ఎఫ్ఎం సెట్లలో ఐఎఫ్ 10.7 మెగాహెర్ట్జ్, ఏఎంలో సాధారణంగా 455 కిలోహెర్ట్జ్. ఎనిమిది బ్లాకులుంటే మొదటి నుంచి ఒక్కొక్కటీ చూడకండి. సరిగ్గా నడుమ కొలవండి, ఏ సగం చెడిందో తేల్చండి, ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. మూడు కొలతల్లో దొరుకుతుంది.

ప్రోటోకాళ్ల సంగతి పుస్తకాలు చాలా చెబుతాయి, నేను క్లుప్తంగానే చెబుతాను. 2.4 గిగాహెర్ట్జ్‌లో వైఫై, బ్లూటూత్, జిగ్బీ, మైక్రోవేవ్ ఓవెన్ అందరూ ఒకే వీధిలో ఉంటారు. వైఫై ఛానళ్లలో 1, 6, 11 ఒకదాని మీద ఒకటి పడవు. 3 బాగా ఖాళీగా ఉందని దాన్ని ఎంచుకుంటే 1కీ 6కీ రెండింటికీ శత్రువవుతారు. సిగ్నల్ గీతలు నిండుగా ఉండి నెట్ నత్తనడక నడిస్తే అది దూరం సమస్య కాదు, రద్దీ సమస్యో జోక్యం సమస్యో. యూఎస్‌బీ 3.0 కేబుళ్లు, డిస్కులు కూడా ఈ బ్యాండ్‌లో నాయిస్ చిమ్ముతాయి. వైర్‌లెస్ మౌస్ తడబడితే ముందు దాని రిసీవర్‌ను ఆ పోర్టు పక్క నుంచి దూరంగా జరిపి చూడండి.

ఎనిమిదో మెట్టు: చట్టం, ప్రాణం

పౌనఃపున్యాలు ఎవరి సొంత ఆస్తీ కావు. అంతర్జాతీయంగా ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) రేడియో నిబంధనలు ఉన్నాయి, ప్రతి దేశంలో వాటిని అమలు చేసే సంస్థ ఉంటుంది. లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్లకు కూడా పవర్ పరిమితి ఉంటుంది. ఆ పరిమితి చాలాచోట్ల యాంటెన్నా గెయిన్‌ను కలుపుకునే లెక్కిస్తారు. రేడియో చట్టబద్ధమే అయినా, దానికి 24 డీబీ డిష్ తగిలిస్తే మీరు గీత దాటేసి ఉండొచ్చు. ఇతరుల సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ల జోలికి సరదాకు కూడా పోవద్దు. ట్రాన్స్‌మిటర్ పరీక్షలు డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ను వేడిగా మార్చేసే రెసిస్టర్) మీదే చేయండి.

పంపడం కూడా నేర్చుకోవాలంటే అమెచ్యూర్ రేడియో లైసెన్స్ పరీక్ష రాయండి. నా దృష్టిలో ఈ వృత్తికి అంతకన్నా మంచి పాఠశాల లేదు. యాంటెన్నా మీరే కడతారు, మీరే ట్యూన్ చేస్తారు, అది బాగా లేకపోతే అవతల ఎవరూ పలకరు.

ప్రాణం విషయంలో నాలుగే మాటలు. ట్రాన్స్‌మిటర్ ఆపకుండా యాంటెన్నా కేబుల్ విప్పొద్దు, రేడియో కాలుతుంది, వేలు కూడా కాలుతుంది. యాంటెన్నా ముందు నిలబడి పనిచేయాలంటే ముందు పవర్ ఆపించి, ఎవరూ మళ్లీ ఆన్ చేయకుండా తాళం వేయించండి. ఎత్తు పనికి శిక్షణ, హార్నెస్, కింద ఒక మనిషి లేకుండా ఎక్కొద్దు. దూరాన ఉరిమినా సరే, దిగిపోండి.

ఉద్యోగం వైపు

సర్టిఫికెట్లలో సోల్డరింగ్, అసెంబ్లీ నాణ్యతకు ఐపీసీ-ఏ-610, జే-ఎస్‌టీడీ-001 చాలా దేశాల్లో చెల్లుతాయి. వైఫై వైపు వెళ్లేవాళ్లకు సీడబ్ల్యూఎన్ఏ ఉంది. బల్ల రిపేరు, టవర్ ఫీల్డ్, ఫ్యాక్టరీలో టెస్టింగ్, ఐఓటీ సంస్థల్లో ప్రోటోటైప్ పని, ఇవి నాలుగూ నాలుగు రకాల జీవితాలు. ఎత్తంటే భయమున్నవాళ్లు ముందే ఆ సంగతి ఒప్పుకోవడం మంచిది.

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా నోట్‌బుక్ ఎక్కువ మాట్లాడుతుంది. మొదటి రోజు నుంచే ఒకటి పెట్టండి. ప్రతి కొలతకూ తేదీ, ఏ పరికరం, ఎక్కడ క్యాలిబ్రేట్ చేశారు, ఏ కేబుల్, మధ్యలో ఏ అటెన్యుయేటర్, లెక్క ప్రకారం రావలసింది ఎంత, వచ్చింది ఎంత. ఎడమ పేజీలో లెక్క, కుడి పేజీలో కొలత. లోపం దొరికాక కింద ఎర్ర ఇంకుతో అది ఏమిటో, ఎన్ని డీబీ తిన్నదో రాయండి. నా మొదటి నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకు పడ్డ మొదటి పేజీ ఆ ఆర్‌పీ-ఎస్ఎంఏదే. ఎడమవైపు అప్పట్లో ఖాళీగానే వదిలేశాను.